కాగితంలో లేని కొండ

మా ఎయిర్‌ఫీల్డ్‌లో రన్‌వే ఒక్కటే. దాని పక్కన రేకుల కప్పుతో రెండు గదులు. ఒకటి ఆఫీసర్ ఒగుటు గారిది, రెండోది నాది. నా గదికి తూర్పున కిటికీ ఉండేది. అందులోంచి చూస్తే న్యాండరువా కొండలు ఈ కొస నుంచి ఆ కొస దాకా కనిపించేవి. పంతొమ్మిదేళ్లు ఆ కిటికీ దగ్గరే ఉద్యోగం చేశాను. ప్రతి గంటకీ బయటికి వెళ్లి ఆకాశం చూడడం, లోపలికి వచ్చి రాయడం. గాలి ఎటునుంచి వస్తోంది, చూపు ఎంత దూరం ఆనుతోంది, మబ్బు ఎంత, ఎంత ఎత్తున ఉంది, వేడి ఎంత, గాలి పీడనం ఎంత. అవన్నీ అంకెలూ పొడి అక్షరాలూ చేసి ఒక్క వరుసలో ఇమిడ్చి నైరోబీకి పంపేదాన్ని. అక్కడినుంచి విమానాలు నడిపేవాళ్లందరికీ చేరేది.

సాయంత్రం ఎలా ఉంటుందో, రేపు ఎలా ఉంటుందో చెప్పడం నా పని కాదు. ఆ పని నైరోబీ ఆఫీసులో వేరేవాళ్లది. నేను ఉన్నది చెప్పేదాన్ని, వాళ్లు రాబోయేది చెప్పేవాళ్లు.

ఈ తేడా నాకు గట్టిగానే నేర్పారు. ఒకసారి నలుగురు టూరిస్టులను ఎక్కించుకుని బయల్దేరబోతున్న పైలట్‌తో, "ఇవాళ ఆగండి, కొండ మూసుకునేలా ఉంది" అన్నాను. ఆయన ఆగాడు. ఆ రోజంతా ఆకాశం కడిగిన కంచంలా మెరిసింది. టూరిస్టులు ఊరెళ్లే పెద్ద విమానం తప్పిపోయి గొడవ చేశారు. వారం తిరక్కుండా నాకు నైరోబీ నుంచి ఉత్తరం వచ్చింది: పరిశీలకురాలు పరిశీలించాలి, సలహాలివ్వడం ఆమె పని కాదు, ఇంకోసారి జరిగితే చర్య తీసుకుంటాం. ఒగుటు గారు దాన్ని పైకి చదివి వినిపించి, "ముఎని, నీ ఉద్యోగం నీ పెన్నులో ఉంది, నాలుకలో లేదు. నాలుక ఇంట్లో పెట్టి రా" అన్నాడు.

అప్పటినుంచి ఎవరేమడిగినా కాగితం మీద ఉన్నదే చదివేదాన్ని.

గిచోబి ఏప్రిల్‌లో ఒక గురువారం వచ్చాడు. పన్నెండు కావస్తుండగా చిన్న విమానం ఒకటి దిగింది. దిగింది అనడం కంటే గెంతింది అనాలి. కాసేపటికి బక్కపలచని, పొడుగాటి కుర్రవాడు నా గుమ్మంలో నిలబడ్డాడు. ఇరవై రెండేళ్లుంటాయి. ముఖమంతా నవ్వే.

"నా ల్యాండింగ్ చూశారా, మేడమ్?"

"చూశాను. మూడుసార్లు దిగావు."

"ఒక్క ప్రయాణానికి మూడు ల్యాండింగులంటే లాభమేగా!"

నాకు నవ్వు ఆగలేదు. ఫ్లాస్కులోంచి చాయ్ పోసిచ్చాను. రెండో గుక్కకే మేడమ్ పోయి ఆంటీ అయ్యాను. నైరోబీ దగ్గర ఒక స్కూల్లో విమానం నడపడం నేర్చుకుంటున్నాడట. పక్కన గురువు లేకుండా ఇంత దూరం రావడం అదే మొదటిసారి. మ్వెయాలో వాళ్లమ్మకి వరి మడులున్నాయి.

"అమ్మకి ఒంటరిగా వెళ్తున్నానని చెప్పలేదు ఆంటీ. చెప్తే పొద్దున్నుంచీ మడిలో దిగకుండా ఆకాశం చూస్తూ కూర్చుంటుంది. నైరోబీలో దిగాక ఫోన్ చేస్తా."

జేబులోంచి మడత పెట్టిన కాగితం తీశాడు. నైరోబీ వాతావరణ సూచన. పొద్దున బయల్దేరేటప్పుడు తెచ్చుకున్నాడు.

"ఏదీ, చదువు చూద్దాం" అన్నాను. కుర్ర పైలట్లను అలా అడగడం నాకు సరదా. చాలామంది మొదటి నాలుగు అంకెల దగ్గరే తడబడతారు.

వీడు తడబడలేదు. గాలి, చూపు, మబ్బు అన్నీ గడగడా చెప్పుకుంటూ పోయి ఒకచోట వేలు ఆపాడు. "ఇక్కడ, పన్నెండు నుంచి పదహారు దాకా టెంపో. ఉరుములతో వాన. పన్నెండంటే ఆ కాగితం గడియారంలో పన్నెండు. మనకి మధ్యాహ్నం మూడు."

"టెంపో అంటే?"

"కాసేపు."

"ఎంత కాసేపు?"

"వచ్చిన ప్రతిసారీ గంటకి తక్కువ. అన్నీ కలిపినా ఆ నాలుగు గంటల్లో సగానికి తక్కువ."

"ఆ గంట తక్కువలో నువ్వు పైన ఉన్నావనుకో?"

"అప్పుడు నాకది కాసేపు కాదాంటీ, ఎప్పటికీ" అని పకపకా నవ్వాడు. నేనూ నవ్వాను.

పన్నెండున్నరకి వెళ్లిపోవాలన్నది అతని లెక్క. కానీ వచ్చినట్టు ఒగుటు గారు సంతకం చేస్తే తప్ప స్కూల్లో ఆ ప్రయాణం లెక్కలోకి రాదు. ఒగుటు గారు బజారుకు భోజనానికి వెళ్లాడు. గురువారం సంత, ఆ రోజు కాల్చిన మేకమాంసం దొరుకుతుంది. గిచోబి గుమ్మం బయట అరుగు మీద కూర్చున్నాడు, లేచాడు, రోడ్డు దాకా వెళ్లి చూసొచ్చాడు. ఒంటిగంట అయింది. నేను బయటికి వెళ్లి ఆకాశం చూశాను. ఎయిర్‌ఫీల్డ్ మీద సగానికి తక్కువ మబ్బు, మూడు వేల అడుగుల ఎత్తున. చూపు పది కిలోమీటర్లు దాటి ఆనుతోంది. రాసి పంపాను. రాసినదాంట్లో తప్పేమీ లేదు.

ఒంటిగంటన్నరకి కొండ మీద మార్పు మొదలైంది. రెండు శిఖరాల మధ్య ఒక పల్లం ఉంది. నైరోబీకి దగ్గరి దారి దాని మీదుగానే. అవతలి వైపునుంచి తెల్లటి మబ్బు ఆ పల్లం అంచుకి చేరి, పాలు పొంగినట్టు ఇవతలికి జారడం మొదలుపెట్టింది. కిటికీలోంచి నాకు స్పష్టంగా కనిపిస్తోంది. అది ఎయిర్‌ఫీల్డ్ మీద లేదు కాబట్టి కాగితంలోకి రాదు. గంట మధ్యలో ప్రత్యేకంగా పంపాలన్నా మా రన్‌వే మీద ఏదో మారాలి. అక్కడేమీ మారలేదు.

ఒంటిగంటా నలభైకి ఒగుటు గారు వచ్చాడు. సంతకం చేయించుకుని గిచోబి పరుగున నా గదిలోకి వచ్చి, ఒంటిగంట నివేదిక మీదికి వంగాడు.

"మూడు వేలు. బాగుంది. కొండ చుట్టూ లోయ మీదుగా తిరిగి వెళ్తే ఇరవై నిమిషాలు ఎక్కువవుతుంది. మూడింటికల్లా నైరోబీలో ఉరుములంటున్నారు, దానికి దొరికిపోతానేమో. పల్లం మీదుగా పోతే రెండున్నరకే దిగిపోతా." తలెత్తి నా వంక చూశాడు. "మీరేమంటారు ఆంటీ?"

నేను కిటికీ వైపు చూశాను. పల్లం ఇంకా పూర్తిగా మూసుకోలేదు. సగం కనిపిస్తోంది. నాకు నాలుక చివరి దాకా వచ్చింది. పక్క గదిలో ఒగుటు గారి దగ్గు వినిపించింది.

"కాగితంలో ఉన్నదే నేననేది" అన్నాను.

నా ముఖం వంకే చూస్తూ నిలబడ్డాడు. ఇంకేమైనా అంటాననుకున్నాడేమో. తర్వాత నేనిచ్చిన నివేదిక నకలు మీద పెన్సిల్‌తో ఏవో అంకెలు వేసుకుని, మడిచి జేబులో పెట్టుకున్నాడు. "చాయ్ బాగుంది ఆంటీ, ఈసారి చక్కెర ఇంకాస్త" అని వెళ్లిపోయాడు. గాల్లోకి లేవడం చక్కగా లేచాడు. తూర్పుకు తిరిగాడు.

రెండు గంటలకి మళ్లీ రాశాను. సగానికి తక్కువ మబ్బు, మూడు వేల అడుగులు, పది కిలోమీటర్ల చూపు. అప్పటికి పల్లం లేదు. కొండే లేదు. నడుము నుంచి పైకి అంతా తెలుపు.

మూడూ ఇరవైకి నైరోబీ నుంచి ఫోన్ వచ్చింది. మీ దగ్గర్నుంచి బయల్దేరిన పిల్లాడు ఇంకా రాలేదేమని.

మూడు రోజులు వెతికారు. తేనె కోసం అడవికి వెళ్లినవాళ్లకి వెదురు పొదల పైన, పల్లానికి కొంచెం కింద విమానం కనిపించింది. తక్షణమే పోయి ఉంటాడని డాక్టర్ అన్నాడట. ఆ మాట నాతో చాలామంది చెప్పారు, నేను అడక్కుండానే.

విచారణ జరిగింది. నన్ను పిలిచి నా నివేదికలు అడిగారు. చూపించాను. అంకెలన్నీ సరిగ్గా ఉన్నాయన్నారు. విచారణ చేసినాయన నా పుస్తకం మూసి, "ఇంత శుభ్రంగా రాసేవాళ్లు అరుదు" అని మెచ్చుకున్నాడు. చివరికి తేల్చింది ఒక్కటే: విద్యార్థి వాతావరణ సమాచారాన్ని సరిగ్గా అర్థం చేసుకోలేదు.

జూన్ నెలాఖరులో, వానలు వెనకబట్టాక, ఒకావిడ మటాటు బండి దిగి మట్టిరోడ్డు వెంట నడుచుకుంటూ వచ్చింది. తలకి కట్టుకున్న గుడ్డ, చేతిలో సంచి. నా గుమ్మం దగ్గర ఆగి, లోపలికి రాకుండానే అడిగింది.

"ఆకాశం చూసి రాసేది నువ్వేనా అమ్మా?"

"నేనే."

"నేను గిచోబి వాళ్లమ్మని."

లేచి నిలబడ్డాను. కుర్చీ వేశాను. ఆవిడ కూర్చుని సంచిలోంచి ప్లాస్టిక్ కవరు, అందులోంచి రెండు కాగితాలు తీసి నా బల్ల మీద పరిచింది. విచారణవాళ్లు ఇచ్చిన నకళ్లు. ఒకటి నైరోబీ సూచన, ఒకటి నా ఒంటిగంట నివేదిక. వాటి మీద గిచోబి పెన్సిల్ గుర్తులు కూడా నకలులో పడ్డాయి.

"మా వాడికి ఇది చదవడం రాలేదన్నారు. ఊళ్లో వాళ్లూ అదే అంటున్నారు, చదువు రానివాడిని పైకి పంపిందని. నేను నాలుగో క్లాసు దాకా చదివాను. అంకెలు వచ్చు. నాకు నేర్పు. వాడికి వచ్చో రాదో నేనే చూసుకుంటా."

నేను ఒద్దనలేకపోయాను. ఆ రోజూ మర్నాడూ ఆవిడ మా ఇంట్లోనే ఉంది. ఆవిడ పేరు మిచెరె. నేను అక్కా అన్నాను. మొదట గడియారం దగ్గర మొదలుపెట్టాం.

"ఉరుములు ఎప్పుడన్నారో చూడు. పొద్దు పొడుపు నుంచి లెక్కపెట్టే మన స్వాహిలీ లెక్కలో తొమ్మిది. ఇంగ్లీషు లెక్కలో మూడు. ఈ కాగితంలో పన్నెండు."

"ఒక్క పొద్దుకి మూడు పేర్లేంటమ్మా? పుట్టిన బిడ్డకి కూడా అన్ని పెట్టం."

"ప్రపంచమంతా ఒకే గడియారం చూడాలని పెట్టుకున్నారక్కా."

"ప్రపంచమంతా సరే, వాన కూడా చూస్తుందా దాన్ని?"

తర్వాత మబ్బులు. గంట గంటకీ నాతో పాటు బయటికి వచ్చి మెడ వెనక్కి వంచి చూసేది. ఆకాశాన్ని ఎనిమిది ముక్కలుగా అనుకుని, ఎన్ని ముక్కల్లో మబ్బు ఉందో లెక్కపెడతామని చెబితే, "చపాతీ కోసినట్టా?" అంది. రెండోనాడు మధ్యాహ్నానికి నాకంటే ముందే చెప్పేసేది. "మూడు ముక్కలు." నేను చూస్తే మూడే. మబ్బు ఎత్తు అంచనా వేయడం మాత్రం ఆవిడకి చేతకాలేదు. "నాకు తెలిసిన మబ్బు ఒక్కటే, నా మడి మీదకి వచ్చేది" అంది.

ఆ సాయంత్రం నా బల్ల దగ్గర కూర్చుని కొడుకు కాగితాలు ముందు పెట్టుకుంది. అక్షరం అక్షరం వేలితో పట్టుకుంటూ సూచన మొత్తం చదివింది. టెంపో దగ్గర ఆగింది. ఆ మాట కింద గిచోబి గీత గీశాడు. పక్కనే '2:30 కి దిగాలి' అని రాసుకున్నాడు.

"ఇది వాడికి తెలుసు" అంది.

"తెలుసక్కా. నాకు చదివి వినిపించాడు. ఒక్క తప్పు లేదు."

నా నివేదిక తీసింది. మబ్బు ఎత్తు ఉన్నచోట పెన్సిల్‌తో రెండు అంకెలు. 3000 కింద 2600, ఒక గీత, దాని కింద 400.

"ఈ కూడిక తీసివేత ఏంటి?"

మబ్బు ఎత్తు మా ఎయిర్‌ఫీల్డ్ నేల నుంచి కొలుస్తామని చెప్పాను. కొండ పల్లం మా నేల కంటే రెండు వేల ఆరు వందల అడుగుల ఎత్తు. మబ్బుకీ పల్లానికీ మధ్య నాలుగు వందల అడుగుల సందు ఉంటుందని లెక్క వేసుకున్నాడు.

"లెక్క తప్పా?"

"తప్పు కాదక్కా. కానీ కొండ మీద కనీసం వెయ్యి అడుగులైనా ఉంటే తప్ప వెళ్లొద్దని వాళ్లకి నేర్పుతారు. తొందరలో ఉన్నాడు. నాలుగు వందలు చాలనుకున్నాడు. పైగా మబ్బు కొండ దగ్గరికి వచ్చేసరికి ఇంకా కిందికి దిగుతుంది. మా నేల మీద మూడు వేలంటే, అక్కడా మూడు వేలని కాదు."

ఆవిడ ఆ అంకెల మీద వేలు పెట్టింది. తర్వాత కిటికీ వైపు తిరిగింది. ఆ సాయంత్రం కొండ మీద మబ్బు లేదు. పల్లం నీలంగా కనిపిస్తోంది.

"అదేనా?"

"అదే."

"ఈ కాగితంలో అదెక్కడుంది?"

"అందులో ఉండదక్కా. మా నేల మీద ఉన్నదే రాస్తాం."

"కానీ నీకు కనిపిస్తుంది."

"కనిపిస్తుంది."

"ఆ రోజు కనిపించిందా?"

పంతొమ్మిదేళ్లలో నేనెప్పుడూ అబద్ధం రాయలేదు. ఆవిడకీ ఉన్నదే చెప్పాను. మబ్బు పొంగడం చూశానని. పల్లం సగం మూసుకుందని.

"వాడు అడిగాడా?"

"అడిగాడు. మీరేమంటారు ఆంటీ అని."

"నువ్వేమన్నావు?"

చెప్పాను.

ఆవిడ ఏడవలేదు. నన్ను తిట్టలేదు. కాగితాలు ఒకదాని మీద ఒకటి సర్ది, కవరులో పెట్టి, కవరు సంచిలో పెట్టింది.

"ఉద్యోగం పోతుందనా?"

"అవునక్కా."

"పిల్లలున్నారా నీకు?"

"ఇద్దరు."

"ఊఁ" అంది.

లేచింది. అప్పుడు మటాటు లేదు, ఇంకో గంటన్నరకి గానీ రాదు, ఇంటికొచ్చి ఈ పూట ఉండి పొద్దున వెళ్లమన్నాను. వినలేదు. నేను వెంట నడవబోతే, "నా వెనక రాకు" అంది. రోడ్డు పక్కన సంచి మీద చెయ్యి వేసుకుని కూర్చున్న ఆవిడని నా గుమ్మంలోంచి చూస్తూ ఉండిపోయాను. బండి వచ్చినప్పుడు మనసాగక పరుగెత్తాను. ఆవిడ ఎక్కి కూర్చుని, కిటికీలోంచి అంది:

"వాడికి చదవడం వచ్చు. అది తెలుసుకుందామనే వచ్చాను. తెలిసింది."

నా గురించి ఒక్క మాటా అనలేదు.

మర్నాడు పొద్దున తొమ్మిది గంటల నివేదికలో, అంకెలన్నీ అయ్యాక, ఎవరూ ఏమీ రాయని చివరి ఖాళీలో మొదటిసారి రాశాను: తూర్పు పల్లం మబ్బులో ఉంది, కనిపించడం లేదు. ఒగుటు గారు అది చూశాడు. ఆ గురువారం తర్వాత ఆయన బజారుకు భోజనానికి వెళ్లడం మానేశాడు. బల్ల దగ్గరే రొట్టె తినేవాడు.

"ఇదేంటి ముఎని?"

"కొండ సార్."

"కొండ సంగతి ఎవరడిగారు?"

"ఒకడు అడిగాడు సార్."

ఆయన ముఖం తిప్పుకుని తన గదిలోకి వెళ్లిపోయాడు. రాయడం ఆపమని మాత్రం చెప్పలేదు.

నైరోబీ చెప్పింది. మొదటి ఉత్తరంలో నియమం చెప్పారు. రెండో ఉత్తరంలో హెచ్చరించారు. నేను రాస్తూనే ఉన్నాను. ఏడాది తిరిగేలోపు నన్ను నైరోబీలో పాత పుస్తకాలు భద్రపరిచే గదికి బదిలీ చేశారు. ఆ గదికి కిటికీ లేదు. నా తర్వాత మా ఎయిర్‌ఫీల్డ్‌కి వెళ్లినతను మంచివాడు, శుభ్రంగా రాస్తాడు. కొండ గురించి రాయడు.

గిచోబికి పాఠం చెప్పిన గురువు నన్ను వెతుక్కుంటూ ఒకసారి ఆ గదికి వచ్చాడు. ఆయన జుట్టు ఏడాదిలోనే తెల్లబడింది. "మా పిల్లలకి మీరొచ్చి చెప్పండి, నా మాట వాళ్లకి అలవాటైపోయింది" అన్నాడు. అప్పటినుంచి ప్రతి శనివారం వెళ్తాను. అంకెలు నేర్పుతాను. తర్వాత ఈ కాగితం ఎక్కడ నిలబడి రాశారో అడగమంటాను. రాసినవాడికి ఫోన్ చేసి, మీకు ఇంకేం కనిపిస్తోందని అడగమంటాను. చెప్పకపోతే బయల్దేరొద్దంటాను. కొందరు రాసుకుంటారు. కొందరు ఆవలిస్తారు. ఎవరు ఆగిపోయారో, ఆగినందువల్ల ఎవరు బతికారో నాకెప్పటికీ తెలియదు. అలాంటివి ఏ పుస్తకంలోనూ ఎక్కవు.

ఆ తర్వాతి ఏడాది నాట్లప్పుడు మ్వెయా వెళ్లాను. రమ్మని ఎవరూ పిలవలేదు. మిచెరె మోకాళ్ల లోతు బురదలో వంగి నాటుతోంది. నన్ను చూసి, నారు కట్ట గట్టు మీద పెట్టి, కాళ్లు కడుక్కుని వచ్చింది. ఇంటికి తీసుకెళ్లి అన్నం, చిక్కుళ్లు పెట్టింది. నేను తింటున్నంతసేపూ ఎదురుగా కూర్చుంది. శనివారం పాఠాల గురించి చెబితే శ్రద్ధగా వింది. ఎంతమంది పిల్లలు, ఆడపిల్లలున్నారా, వాళ్లకి అమ్మలున్నారా అని అడిగింది.

"చెప్పు. మానకుండా చెప్పు" అంది.

వెళ్లేటప్పుడు రోడ్డు దాకా వచ్చింది. అక్కడ ఆగి, నా చెయ్యి పట్టుకుంది. ఆ చెయ్యి బురదలో నానిపోయి చల్లగా ఉంది.

"నువ్వు చెడ్డదానివి కాదమ్మా. నాకు తెలుసు. కానీ నిన్ను చూస్తే వాడు నీ బల్ల దగ్గర నిలబడి నీ ముఖం వంక చూస్తున్నట్టే ఉంటుంది. నేను తట్టుకోలేను. ఇంక రాకు."

సరే అక్కా అన్నాను. ఆవిడ చెయ్యి వదిలి, వెనక్కి చూడకుండా గట్టు దిగి మడిలోకి నడిచింది. నారు కట్ట తీసుకుని, ఆపిన చోటు నుంచి మళ్లీ నాటడం మొదలుపెట్టింది. బండి వచ్చేదాకా నేను రోడ్డు మీదే నిలబడ్డాను. ఆవిడ మరి తలెత్తలేదు. తర్వాత నేనెప్పుడూ మ్వెయా వెళ్లలేదు.